అడగడం అనే ఏడో సబ్జెక్టు

చదివేటప్పుడు నా ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడూ పేజీ ఎడమ అంచునే ఉంటుంది. ఒక లైను చివరికంటా చదివాక తర్వాతి లైను ఎక్కడ మొదలవుతుందో నాకు కనిపించదు. వేలును ఒక లైను కిందికి జరిపి, తల వెనక్కి తిప్పుకుంటూ ఆ వేలి కోసం వెతుక్కుంటాను. వేలు దొరికితే లైను దొరికినట్టు. ఒక్కోసారి వేలు రెండు లైన్లు జారుతుంది. అప్పుడు వాక్యం అతకదు, మళ్లీ పైకి వెళ్లాలి. నాలుగు పేజీల ప్రశ్నపత్రంలో ఈ పని ఎన్నిసార్లు చేయాలో ఊహించుకోండి. పరీక్షలో నాకిచ్చే అదనపు సమయంలో చాలావరకు ఇక్కడే ఖర్చవుతుంది. ఆలోచించడానికి కాదు, లైను మొదలు వెతుక్కోవడానికి.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి రెటీనాలోని కణాలు మెల్లమెల్లగా పనిచేయడం మానేస్తాయి. సాధారణంగా ముందు రాత్రిపూట చూపు మందగిస్తుంది, తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుకుంటూ వస్తుంది. మధ్యలో ఒక చిన్న వలయం చాలా ఏళ్లు మిగులుతుంది. ఆ వలయంలో నేను చిన్న అక్షరాలు కూడా చదవగలను. పక్కనున్న కుర్చీ మాత్రం కనిపించదు. ఎండలోంచి క్లాస్‌రూమ్‌లోకి అడుగుపెడితే కాసేపు అంతా చీకటే. అందుకే నా చేతిలో కర్ర ఉంటుంది, అదే చేతిలో ఫోన్ పట్టుకుని మెసేజ్‌లు కూడా చదువుతాను. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర చూసినవాళ్లకు అనుమానం రావడం సహజమే. కాలేజీలో నా నాలుగేళ్లూ ఆ అనుమానానికి జవాబు చెప్పడంతోనే గడిచాయి.

ప్రతి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు, ఆరుగురు లెక్చరర్లు. మా కాలేజీలో వైకల్యం ఉన్న విద్యార్థుల కోసం ఒక సెల్ ఉండేది. అక్కడ డాక్టర్ సర్టిఫికెట్ చూపిస్తే ఒక లెటర్ ఇచ్చేవాళ్లు. ఈ విద్యార్థికి పరీక్షలో అదనపు సమయం, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, ముందుగా స్లయిడ్లు ఇవ్వగలరు అని అందులో ఉండేది. ఆ లెటర్ ఆరు కాపీలు తీసుకుని ఆరుగురికీ నేనే ఇవ్వాలి. మర్నాడు సెల్‌కు వెళ్లి, ఇచ్చానని సంతకం పెట్టాలి. సెమిస్టర్ మారితే లెటర్ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి మొదలు. నా జబ్బు తగ్గేది కాదని ఆ సర్టిఫికెట్లోనే రాసి ఉంది.

మొదటి సెమిస్టర్‌లో ఒక సార్ క్లాసు అయిపోయాక తలుపు దగ్గరే నిలబడి లెటర్ చదివారు. చుట్టూ పాతికమంది బయటికి వెళ్తున్నారు. "నీకు కనిపిస్తుంది కదా?" అన్నారు. కనిపిస్తుంది సార్, కానీ, అని మొదలుపెట్టాను. అంతవరకూ ఎవరికీ చెప్పని నా కంటి సంగతంతా, పేరు కూడా సరిగ్గా తెలియని పాతికమంది మధ్య నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదు. చివరికి "సరేలే, చూద్దాం" అని లెటర్ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ "చూద్దాం" నన్ను ఆరు వారాలు వెంటాడింది. ఇస్తారా, ఇవ్వరా? మళ్లీ గుర్తుచేస్తే విసుక్కుంటారా? పరీక్ష రోజు హాల్లోకి వెళ్లేదాకా తెలియదు. ఆ సబ్జెక్టు సిలబస్ కన్నా ఆ టెన్షనే ఎక్కువ మోశాను.

నాకు సౌకర్యాలు దొరకలేదని నేను అనడం లేదు. చాలావరకు దొరికాయి. అడిగితే ఇచ్చారు. ఆ అడగడమే ఒక ఏడో సబ్జెక్టు అయిందని అంటున్నాను. దానికి సిలబస్ లేదు, క్రెడిట్లు లేవు, మార్కులు లేవు. అందులో ఫెయిలైతే మాత్రం మిగతా ఆరూ దెబ్బతింటాయి. పైగా ఈ సబ్జెక్టు రాయాల్సింది ఎవరు? ఇప్పటికే కళ్లతోనో, చెవులతోనో, నొప్పితోనో, మనసుతోనో మిగతావాళ్లకన్నా ఎక్కువ పని చేస్తున్న విద్యార్థులే.

ఈ భారం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కొంత చట్టం నుంచే వచ్చింది. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం ప్రకారం వైకల్యం ఉన్న పిల్లల్ని గుర్తించాల్సిన బాధ్యత స్కూళ్లదే. అమ్మానాన్నలు అడిగినా అడగకపోయినా వెతికి, పరీక్షించి, ఆ బిడ్డకు ఏం కావాలో ప్లాన్ రాయాలి. అదే బిడ్డ స్కూలు దాటి కాలేజీ గేటులో అడుగుపెట్టగానే ఆ చట్టం ఆగిపోతుంది. అక్కడ వర్తించేవి వేరు: 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ అనే వికలాంగుల చట్టం. అవి వివక్ష చూపకూడదంటాయి, సౌకర్యాలు ఇవ్వాలంటాయి. అయితే విద్యార్థి తనంతట తాను వచ్చి తన పరిస్థితి చెప్పుకోవాలి, కాగితం చూపించాలి. వెతకాల్సిన పని కాలేజీది కాదు. వేసవి సెలవులకు ముందు వరకూ ఒక వ్యవస్థ మొత్తం ఆ పిల్లల వెనక ఉంది. సెలవులు అయ్యేసరికి ఆ పనంతా పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒక్కరి నెత్తిన పడింది. చాలా దేశాల్లో స్కూళ్ల దగ్గరే ఆ మాత్రం ఏర్పాటు లేదు, అది వేరే దుఃఖం. కాలేజీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం దాదాపు అందరి పద్ధతీ ఒకటే: నువ్వు అడుగు, నువ్వు నిరూపించు.

అడగకపోతే ఏమవుతుంది? స్కూల్లో ప్రత్యేక సేవలు పొందిన విద్యార్థుల్ని పెద్దయ్యేదాకా వెంట ఉండి గమనించిన ఒక పెద్ద అధ్యయనం అమెరికాలో జరిగింది. 2011లో వచ్చిన దాని నివేదిక ప్రకారం, వాళ్లలో పైచదువులకు వెళ్లినవాళ్లలో 28 శాతం మందే తమకు వైకల్యం ఉందని కాలేజీకి చెప్పారు. 63 శాతం మంది అసలు తమకు వైకల్యం ఉన్నట్టే అనుకోవడం లేదన్నారు. ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో నిజంగానే అవసరం తీరిపోయినవాళ్లు కొందరుంటారు. కానీ ఆ మాట అనుకోవడానికి నేనెంత గింజుకున్నానో నాకు తెలుసు. కొత్త ఊరు, కొత్త మనుషులు. ఎవరికీ మన పాత ఫైలు తెలియదు. ఒక్కసారి మామూలు మనిషిలా మొదలుపెట్టే అవకాశం వచ్చింది. దాన్ని మొదటి వారంలోనే ఒక లెటర్ ఇచ్చి చెడగొట్టుకోవాలని ఏ పద్దెనిమిదేళ్ల పిల్లకైనా, పిల్లాడికైనా ఉంటుందా? నేను మొదటి పరీక్షలో దెబ్బతిన్నాకే సెల్ మెట్లెక్కాను. నాలాంటివాళ్లు చాలామందే ఉంటారు. అడగలేదు కాబట్టి అవసరం లేదని లెక్కేసుకునే వ్యవస్థ, మా మౌనాన్ని తన సౌకర్యానికి వాడుకుంటోంది.

ఇక్కడ ఒక మాట. మమ్మల్ని దివ్యాంగులు అంటున్నారు ఈమధ్య. అన్నవాళ్ల మనసు మంచిదే అయి ఉండొచ్చు. కానీ నా రెటీనాలో దివ్యత్వం ఏమీ లేదు. నాకు గొప్ప పేరు అక్కర్లేదు, స్లయిడ్లు ఒకరోజు ముందు కావాలి.

అదనపు సమయం గురించి చెప్పకుండా ఈ విషయం ముగియదు, ఎందుకంటే ఎక్కువ గొడవ అక్కడే. నా స్నేహితుల్లోనే కొందరు అడిగారు, మాకూ ఇంకో అరగంట ఇస్తే మార్కులు పెరుగుతాయి కదా, నీకొక్కడికే ఎందుకు అని. నేను అప్పట్లో బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. టైమ్ చాలని పరీక్షలో టైమ్ పెంచితే వైకల్యం లేనివాళ్ల మార్కులు కూడా కొంత పెరుగుతాయి. దాన్ని దాచాల్సిన అవసరం లేదు. కానీ దాన్నుంచి తేలేదేమిటి? నాకు సమయం ఇవ్వకూడదని కాదు. ఆ పరీక్ష ఎవరికీ సరిపోని టైమ్‌లో పెట్టారని. మూడు గంటలు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సబ్జెక్టు తెలుసో లేదో తేల్చడానికి అంత సమయం పడుతుందని ఎవరైనా లెక్కగట్టారా? హాలు ఖాళీ చేయాలి, ఇన్విజిలేటర్లు వెళ్లాలి, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ ఉంది. చాలా పరీక్షల సమయం టైమ్‌టేబుల్ నుంచే వస్తుంది. అలా వచ్చిన అంకెను ప్రమాణంగా పట్టుకుని, దాన్ని దాటినవాళ్లను అనుమానంగా చూస్తున్నాం.

వేగమే పరీక్షించాల్సిన చోట్లు ఉన్నాయి. ఎమర్జెన్సీ వార్డులో పనిచేయబోయే మనిషికి కొన్ని నిర్ణయాలు సెకన్లలో తీసుకోవడం రావాలి. మాట్లాడుతుండగానే అనువాదం చేసే పనికి ఆలస్యం పనికిరాదు. అలాంటి చోట వేగాన్నే కొలవండి, అది కొలుస్తున్నామని ముందే చెప్పండి. కానీ ఆర్థికశాస్త్రంలో గిరాకీ వక్రరేఖను వివరించడానికి, చరిత్రలో ఒక తిరుగుబాటుకు కారణాలు రాయడానికి వేగంతో ఏం పని?

ఏది చదువు, ఏది దాన్ని కొలిచే పద్ధతి అన్న తేడా మీద ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కేసే నడిచింది. తీవ్రమైన సామాజిక భయం ఉన్న ఒక ఫిజిక్స్ విద్యార్థిని ప్రయోగాల తర్వాత మౌఖికంగా ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. అందరి ముందూ ప్రెజెంటేషన్ ఇవ్వాలి. ఆమెకు అది సాధ్యం కాదని డిపార్ట్‌మెంట్‌లో వాళ్లకు అర్థమవుతూనే ఉంది, కానీ పద్ధతి మారలేదు. 2018లో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సిన రోజున ఆమె ప్రాణం తీసుకుంది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. మౌఖిక పరీక్ష అనేది ఆ కోర్సుకు కావాల్సిన అర్హతా ప్రమాణమని యూనివర్సిటీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ జ్ఞానం ఉందో లేదో చూడటం ప్రమాణం, నోటితో చెప్పించడం దాన్ని చూసే ఒక పద్ధతి మాత్రమే, పద్ధతిని మార్చవచ్చు అంది. 2022లో కింది కోర్టు ఇచ్చిన ఆ తీర్పును 2024లో హైకోర్టు సమర్థించింది. ఈ కేసు గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన వస్తుంది. ఆ అమ్మాయి లెటర్ పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి దగ్గరకు వెళ్లి అడగాలని ఎలా అనుకున్నారు? మనుషులతో మాట్లాడటమే ఆమె కష్టం. సాయం కావాలంటే ముందు మాట్లాడి అడగమన్న పద్ధతి ఆమెలాంటివాళ్లకు మూసిన తలుపే.

భారత సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన ఒక తీర్పు కూడా ఇక్కడ చెప్పాలి. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక అభ్యర్థి సివిల్ సర్వీసెస్ పరీక్షకు, తాను చెబితే రాసిపెట్టే స్క్రైబ్‌ను అడిగారు. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. నలభై శాతం అన్న గీత రిజర్వేషన్ల కోసం పెట్టింది, ఆ గీతను పట్టుకుని స్క్రైబ్‌ను కాదనడం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధం అంది. రాయలేని చేతిని శాతాల్లో కొలిచి, ముప్ఫై తొమ్మిది వస్తే నీకు రాయడం వచ్చు అనడంలో ఎంత అన్యాయం ఉందో అది చెప్పకనే చెప్పింది.

సర్టిఫికెట్ గురించి ఇంకాస్త చెప్పాలి. కర్ర ఉన్నా నన్నే నమ్మలేదు. ఇక బయటికి ఏమీ కనిపించనివాళ్ల సంగతి ఏమిటి? చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ, మైగ్రేన్, పేగుల జబ్బులు, డిప్రెషన్. వీళ్ల దగ్గర ఉన్నది కాగితం ఒక్కటే. ఆ కాగితం తెచ్చుకోవాలంటే నిపుణుల దగ్గర గంటల తరబడి పరీక్షలు, పెద్ద ఫీజు. చాలాచోట్ల పద్దెనిమిది దాటాక దాన్ని ఎవరూ ఉచితంగా చేయరు, కాలేజీలేమో ఇటీవలి రిపోర్టే కావాలంటాయి. కాగితం అడగడం దొంగల్ని ఆపడానికేనని అంటారు. 2019లో అమెరికాలో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణం గుర్తుందా? అందులో కొందరు ధనవంతులు తమ పిల్లలకు ప్రవేశ పరీక్షలో అదనపు సమయం రావడానికి, లేని వైకల్యానికి డబ్బు పెట్టి రిపోర్టులు సంపాదించారు. కాగితం వాళ్లను ఆపలేదు. డబ్బున్న అబద్ధానికి కాగితం దొరికింది. డబ్బులేని నిజానికి దొరకదు. ఈ గేటు ఎవరిని ఆపుతోందో చూడండి.

నన్ను అడిగితే, సర్టిఫికెట్లు మొత్తం ఎత్తేయమని చెప్పను. తగ్గని జబ్బుకు ఒక్కసారి చూపిస్తే డిగ్రీ పూర్తయ్యేదాకా చెల్లాలి అంటాను. లెటర్ సెల్ నుంచి నేరుగా లెక్చరర్లకు వెళ్లాలి, విద్యార్థి చేతులమీదుగా కాదు అంటాను. ఇవి చిన్న పనులు. ఒక మెయిల్‌తో, ఒక రిజిస్టర్‌తో అయ్యేవి. అవి చేయకపోవడానికి డబ్బు కారణం కాదు.

పుస్తకాల సంగతి దగ్గర నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఒక పేజీ రెండు పేజీలైతే వేలు పెట్టుకుని చదువుతాను, యాభై పేజీలైతే కళ్లు మండిపోతాయి. అందుకే పెద్ద పాఠాలన్నీ కంప్యూటర్ చదివి వినిపిస్తే వింటాను. ఎన్వీడీఏ అని ఒక స్క్రీన్ రీడర్ ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకుల చేతుల్లో ఎదిగింది, మొదలైంది 2006లో. ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. రెండో సంవత్సరంలో ఒక కోర్సుకు పాఠాలన్నీ పీడీఎఫ్‌లుగా పెట్టారు. సంతోషంగా మొదటి ఫైలు తెరిచాను. స్క్రీన్ రీడర్ ఖాళీ డాక్యుమెంట్ అంది. మళ్లీ తెరిచాను. ఖాళీ అంది. ఫైలులో నలభై రెండు పేజీలున్నాయి. పుస్తకాన్ని జిరాక్స్ తీసినట్టు స్కాన్ చేసి పెట్టారు. అంటే ప్రతి పేజీ ఒక ఫోటో. అందులో కంప్యూటర్‌కు అక్షరాలే లేవు. ఫోటోలోంచి అక్షరాల్ని రాబట్టే ఓసీఆర్ చేశాను. పుస్తకం వంపు దగ్గర, మధ్యలో, ప్రతి లైనులో రెండేసి మాటలు చెడిపోయాయి. ఎవరో అంతకుముందు పెన్సిల్‌తో గీసిన గీతలు అక్షరాల్ని మింగేశాయి. ఫుట్‌నోట్లు వాక్యం మధ్యలోకి వచ్చి పడ్డాయి. వింటుంటే ఒక మనిషి నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. సెల్‌లో చెప్పాను, లెక్చరర్‌కు రాశారు, ఆయన లైబ్రరీకి రాశారు. మంచి కాపీ ఆరోవారం వచ్చింది. ఏడోవారం పరీక్ష.

ఆ ఆరు వారాల్లో నేను అడగని రోజు లేదు. అందరూ మర్యాదగానే జవాబిచ్చారు. ఆ ఫైలును మొదటిరోజే అక్షరాలున్న పీడీఎఫ్‌గా పెట్టి ఉంటే ఇవేవీ అక్కర్లేదు. నాకే కాదు, ఫోన్‌లో చదువుకునే ప్రతి ఒక్కరికీ, అందులో ఒక మాట వెతుక్కోవాల్సిన ప్రతి ఒక్కరికీ అదే మేలు. దానికి చట్టపరమైన అడ్డంకి కూడా లేకుండా చేసిన ఒప్పందం ఉంది. చూపు సమస్యలున్నవాళ్ల కోసం, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం, కాపీరైట్ యజమాని అనుమతి లేకుండానే వాళ్లకు పనికొచ్చే రూపంలో పుస్తకాన్ని తయారుచేసుకోవచ్చని 2013లో మర్రకేశ్ ఒప్పందం చెప్పింది. 2014లో దాన్ని అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశం. అడ్డు తొలగించడానికి ప్రపంచం అంత కష్టపడింది. స్కానర్ ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈ సేవలన్నీ ఎవరో దయతలచి పెట్టినవనుకుంటారు చాలామంది. చరిత్ర చూస్తే అలా లేదు. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ 1948లోనే, రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులు చదువుకోవడానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. నన్ను మరింత కదిలించేది ఎడ్ రాబర్ట్స్ కథ. పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింద దాదాపు కదలిక లేకుండా పోయింది. రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే ఇనుప పెట్టెలో పడుకుంటేనే ఊపిరి ఆడేది. 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. ఆ పెట్టె బరువు దాదాపు 360 కిలోలు, హాస్టల్ గదుల నేల దాన్ని మోయలేదు. చివరికి క్యాంపస్‌లోని ఆస్పత్రిలో ఒక వార్డులో చోటిచ్చారు. ఆయన చదువుతున్నాడని తెలిసి అలాంటివాళ్లే ఇంకొందరు వచ్చి చేరారు. ఆస్పత్రి వార్డే వాళ్ల హాస్టల్ అయింది. 1970లో వాళ్లు పట్టుబట్టి, తామే నడిపే విద్యార్థుల సేవాకేంద్రాన్ని తెచ్చుకున్నారు. వాళ్లు మొదట పట్టించుకున్నవేమిటో చూడండి. చక్రాల కుర్చీ పాడైతే బాగుచేసే షాపు. పొద్దున్నే లేపి, బట్టలు వేసి క్లాసుకు పంపే సహాయకుల్ని వెతికి పెట్టడం. కుర్చీ పాడైతే క్లాసు పోతుందని కుర్చీలో కూర్చునే మనిషికి తెలుసు, ఫారాలు తయారుచేసే మనిషికి తెలియదు. సెల్‌లో మాలాంటివాళ్లు ఒక్కరు పనిచేసినా ఆరు కాపీల లెటర్ ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

504వ సెక్షన్ కూడా అంతే. 1973లో చట్టమైతే అయింది. దాన్ని ఎలా అమలుచేయాలో చెప్పే నిబంధనల మీద నాలుగేళ్లు సంతకం పడలేదు. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలోకి వెళ్లి మూడు వారాలకు పైగా అక్కడే ఉండిపోయారు. చాలామందికి తమ మందులు, పరికరాలు, సహాయకులు దగ్గర లేరు. ఆ నెల 28న సంతకం అయింది. అడిగితే ఇస్తారు అన్న మాట వెనక ఇంత అడగడం ఉంది.

దీనికి తిరగేసిన పద్ధతి లేకపోలేదు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం కాలేజీలు, యూనివర్సిటీలు ముందుచూపుతో సర్దుబాట్లు చేసి ఉంచాలి. ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకూడదు. చూపు, వినికిడి, కదలిక, మనసు, వీటిలో ఇబ్బందులున్నవాళ్లు వస్తారనే అనుకుని కోర్సును తయారుచేసుకోవాలి. పైన చెప్పిన కేసు చూస్తే ఆ చట్టం ఉన్నంత మాత్రాన అంతా అయిపోదని తెలుస్తూనే ఉంది. కానీ చట్టం తప్పు ఎటువైపు ఉందో సరిగ్గా చెప్పింది కాబట్టే కోర్టు ఆ తీర్పు ఇవ్వగలిగింది. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ఉన్నత విద్యలో తగిన సర్దుబాట్లు ఉండాలని 24వ అధికరణంలో రాసింది. సర్దుబాటు అంటే ఒక్కో మనిషికి చేసేది. దానికన్నా ముందు, అందరికీ పనికొచ్చేలా కట్టడం అనే పని ఉంది. అది చేస్తే అడగాల్సినవి సగానికి పైగా తగ్గుతాయి.

అన్నీ తగ్గవు. బధిర విద్యార్థికి సంజ్ఞాభాష దుబాసి కావాలి, ఆ మనిషి క్లాసులో కూర్చునే ఉండాలి. చేతులు కదలనివాళ్లకు స్క్రైబ్ కావాలి. ఇవి విడిగా ఏర్పాటు చేయాల్సినవే, వీటికి డబ్బు ఖర్చవుతుంది, పెట్టాల్సిందే. నేను చెప్పేది ఇదే: క్యాప్షన్లు, ముందుగా స్లయిడ్లు, చదవగలిగే ఫైళ్లు, తగినంత సమయం వీటి కోసం ప్రతి విద్యార్థీ క్యూ కట్టకుండా ఉంటే, సెల్‌లో ఉన్న ఆ ఒకరిద్దరు ఉద్యోగులకు దుబాసిని వెతకడానికి, స్క్రైబ్‌కు శిక్షణ ఇవ్వడానికి తీరిక దొరుకుతుంది. మా కాలేజీ సెల్‌లో మేడమ్ నాతో మాట్లాడుతూనే ఇంకో ముగ్గురి లెటర్లకు ముద్రలు వేసేవారు. ఆవిడకు ముద్రలు వేయడమే పనైపోయింది.

లెక్చరర్ల మీదే నెపం పెట్టడం కూడా సరికాదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. రెండువందల స్లయిడ్లను స్క్రీన్ రీడర్ చదవగలిగేలా మార్చమంటే దానికి గంటలు కావాలి. ఆ గంటలు వాళ్ల పనివేళల్లో ఎవరూ లెక్కపెట్టరు. అలసిపోయిన మనిషి చేతిలో ఒక లెటర్ పెడితే అది ఇంకో పనిలాగే కనిపిస్తుంది. నేను ఆ పనిలా కనిపించడమే నాకు బాధ.

మూడో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ చెప్పిన మేడమ్ గురించి చెబుతాను. ఆవిడ బోర్డు మీద రాసేదంతా పైకి చదువుతూ రాసేవారు. "ఎడమవైపు ఎక్స్ బార్, దాని పక్కన మైనస్, తర్వాత మ్యూ, కింద గీత గీస్తున్నాను, గీత కింద సిగ్మా బై రూట్ ఎన్" అనేవారు. ఇది, అది, ఇక్కడ అని ఒక్కసారి కూడా చూపించి వదిలేయలేదు. గ్రాఫ్ గీస్తే అది ఎటు వాలిందో, ఎక్కడ ఎత్తుగా ఉందో మాటల్లో చెప్పేవారు. మొదటి క్లాసులో నేను నా పెన్ను కింద పెట్టేసి వింటూ కూర్చున్నాను. బోర్డు కోసం కళ్లు చికిలించకుండా ఒక లెక్కల క్లాసు అయిపోవడం నాకు అదే మొదటిసారి. నా వెనక బెంచీలో కూర్చున్న ఒకతను, చూపుకు ఏ లోటూ లేనివాడు, ఈ మేడమ్ నోట్స్ ఒక్కటే ఇంటికెళ్లాక అర్థమవుతున్నాయి అన్నాడు.

ఆవిడ స్లయిడ్లు ముందురోజు సాయంత్రానికే వచ్చేసేవి, అందరికీ. పరీక్ష గంటన్నరలో అయ్యే పేపరు. "హాలు మూడు గంటల సేపటికి తీసుకున్నాను, మీ ఇష్టం, అయిపోయినవాళ్లు వెళ్లొచ్చు" అన్నారు. చాలామంది గంటన్నరకే లేచి వెళ్లిపోయారు. నేను రెండుగంటల పది నిమిషాలకు లేచాను. అప్పటికి ఇంకా నలుగురున్నారు, వాళ్లెందుకున్నారో ఎవరూ అడగలేదు. ఆవిడకు నా గురించి ముందే తెలుసేమో అనుకున్నాను. తెలియదు. చివరి క్లాసు అయ్యాక థ్యాంక్స్ చెప్పడానికి వెళితే, నా చేతిలో కర్ర చూసి, మెట్ల దగ్గర లైటు పోయింది జాగ్రత్త అన్నారు, అంతే.

ఆ సెలవులకు ఇంటికి వెళ్లేముందు బ్యాగు సర్దుతుంటే పక్క జేబులో ఒక కవరు దొరికింది. ఆ సెమిస్టర్‌కు తీసుకున్న ఆరు కాపీల్లో ఆవిడ పేరు రాసి ఉన్నది. అంటించిన కవరు అంటించినట్టే ఉంది.